పేరు గీకిన సెన్సార్

దొంగతనానికి జయకృష్ణ మధ్యాహ్నం ఒంటిగంటకి ముహూర్తం పెట్టుకున్నాడు. బాపట్లలో రోబో పోటీలకి వచ్చినవాళ్లందరూ సరిగ్గా అప్పుడే భోజనాలకి లేస్తారు. సాంబారు పొయ్యి దిగిందంటే ఇంజనీరింగ్ పిల్లలు రోబోలనే కాదు, కన్నవాళ్లనైనా వదిలేసి పోతారని అతని లెక్క.

తెనాలి జట్టుకి అతనే కెప్టెన్. ఆ పదవి ప్రతిభ చూసి ఇచ్చారో, రోబో ఖర్చంతా వాళ్ల నాన్న శ్రీనివాసరావు పెట్టుకున్నందుకు ఇచ్చారో అడిగే ధైర్యం జట్టులో ఎవరికీ లేదు. గెలిచిన జట్టుకి హైదరాబాద్ కంపెనీలో ఆరు నెలల శిక్షణ, జీతంతో. ఆ గెలుపు తాలూకు ఫ్లెక్సీ నాన్నగారు నాలుగు రోజుల ముందే వేయించి ఉంచారు. తెనాలి సెంటర్లో కట్టడమే తరువాయి.

చిక్కల్లా రోబోతోనే. నేరుగా పొమ్మంటే ఎడమకి పోతుంది. రోబో ఎటు తిరుగుతోందో దానికి చెప్పేది జైరో సెన్సార్ అనే గోరంత ముక్క. దాన్ని ఎంచుకోవడానికి జయకృష్ణ పెద్దగా శ్రమపడలేదు. ఆన్‌లైన్లో ధరలు చూసి, అన్నిటికంటే పైనున్నది కొన్నాడు. అయినా రోబో వంకరే పోయింది. కంపెనీవాడు మోసం చేశాడని తేల్చేశాడు. తప్పు తమ వైపు వెతుక్కోవడం వాళ్ల ఇంటా వంటా లేదు.

మూడు వారాల కిందట తెనాలిలో ట్రయల్స్ పెట్టారు. రోబోని ఆన్ చేసి, రెండు చేతులా ఎత్తి, గాల్లో మూడుసార్లు గుండ్రంగా తిప్పి నేలమీద పెట్టడం జయకృష్ణ సెంటిమెంట్. ఆరోజూ అలాగే భక్తిగా పెట్టాడు. అది అంతే భక్తిగా వెళ్లి గోడకి గుద్దుకుంది.

రేపల్లె నుంచి వచ్చిన సిమ్రాన్, సాయి ప్రియ మాత్రం తమ రోబో మీద కప్పిన తువ్వాలు తియ్యనే లేదు. "మాది ఫైనల్లోనే చూపిస్తామండి," అన్నారు. అందరూ నవ్వారు. జయకృష్ణ కూడా నవ్వేవాడే. కానీ ఆ తర్వాత టీ కొట్టు దగ్గర వాళ్ల మాటలు అతని చెవిన పడ్డాయి.

"బెంగళూరు నుంచి మీ మామూ పంపిన సెన్సార్ సంగతి ఎవరికీ చెప్పకే," అంటోంది సాయి ప్రియ.

"చెప్తానా ఏంటి? రాకెట్లలో వాడేదంట. అందుకేగా పైన కంపెనీ పేరు గీకేసి పంపాడు!" సిమ్రాన్ గొంతు తగ్గించి అంది. తగ్గించినా పక్క బల్ల దాకా చక్కగా వినిపించింది.

ఆ రోజు నుంచి జయకృష్ణకి అన్నం సహించలేదు. రైలు పట్టాలు ఆగిపోయే ఊరి పిల్లలకి రాకెట్ సెన్సారా? లోకంలో న్యాయమనేది లేదనిపించింది. సరే, ఆ న్యాయమేదో తనే చేద్దామనుకున్నాడు.

ఒంటిగంటయింది. హాలు ఖాళీ. తువ్వాలు ఎత్తాడు. నిజంగానే సెన్సార్ మీద పేరు లేకుండా గరుకు కాగితంతో రుద్దేసి ఉంది. చూడగానే ఒళ్లు పులకరించింది. పేరున్న సరుకు ఎవడైనా కొంటాడు, పేరు దాచుకున్నదే అసలు సరుకు అనుకున్నాడు.

పోటీ పెట్టినవాళ్లు అందరికీ ఒకే రకం బోర్డు ఇచ్చారు కాబట్టి ఎవరి సెన్సారైనా ఎవరి రోబోలోనైనా ఇట్టే పడుతుంది. వాళ్లది పీకాడు. చోటు ఖాళీగా కనిపిస్తే గొడవవుతుందని, తన సెన్సార్ మీద పేరు కూడా ముందే గీకి తెచ్చాడు. దాన్ని అక్కడ బిగించాడు. ఇది దొంగతనం కాదు, ఎక్స్‌ఛేంజ్ ఆఫర్ అని మనసుకి నచ్చజెప్పుకుని, నింపాదిగా వెళ్లి భోంచేశాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి మారు వడ్డించుకున్నాడు.

ఫైనల్ మొదలైంది. జయకృష్ణ రోబోని ఆన్ చేసి, ఎత్తి, గాల్లో మూడుసార్లు తిప్పి వదిలాడు. అది రెండు గిరికీలు కొట్టి, గీత దాటి, జడ్జి ప్రకాశరావు గారి కుర్చీ కిందకి దూరింది. ఆయన మర్యాదస్తుడు. ఏమీ అనకుండా కాళ్లు పైకెత్తి, కాగితం మీద సున్నా వేశారు.

సిమ్రాన్ రోబోని నేలమీద పెట్టి, ఆన్ చేసి, చేతులు కట్టుకుని కాసేపు నిలబడింది. అప్పుడు కదిలింది రోబో. తాడు పట్టి లాగినట్టు నేరుగా పోయి, మలుపులన్నీ తిరిగి, బయల్దేరిన చోటుకే వచ్చి ఆగింది. మొదటి బహుమతి రేపల్లెకి ఇచ్చారు.

సాయంత్రం బాపట్ల స్టేషన్లో రెండు జట్లూ ఒకే రైలు కోసం నిలబడ్డాయి. రేపల్లె పోవాలన్నా తెనాలిలోనే మారాలి మరి. జయకృష్ణ ఫోన్ ఆరోసారి మోగుతోంది. నాన్నగారు ఆగలేక ఫ్లెక్సీ కట్టించేశారట. పాపం, అతనికి ఏడుపొక్కటే తక్కువ.

సిమ్రాన్ దగ్గరికొచ్చి చిన్న పొట్లం చేతిలో పెట్టింది. విప్పి చూస్తే, అతని సెన్సార్.

"మీదే అన్నయ్యా. చాలా మంచిది."

జయకృష్ణ జేబులోంచి రాకెట్ సెన్సార్ తీసి చాపాడు. "మరి... ఇది?"

"ఉంచుకోండి. మా డబ్బులకి వచ్చింది అదే. కదలకుండా కూర్చున్నా తిరుగుతున్నాననుకుంటుంది."

"మరి నాది నా దగ్గర ఎందుకు పని చెయ్యలేదు?"

"ఆన్ చేశాక అయిదు సెకన్లు కదపకూడదని డబ్బాలో కాగితం ఉంటుంది కదండి. మీరు అలా గాల్లో తిప్పుతుంటే దానికి కళ్లు తిరగవూ?"

సాయి ప్రియ నవ్వాపుకోలేక అటు తిరిగింది. రైలు వస్తోందని మైకులో చెబుతున్నారు.

"తెనాలిలో మీ రోబో గోడకి గుద్దుకున్నప్పుడే, మా బడ్జెట్‌లో వచ్చే మంచి సెన్సార్ మీదేనని తేలిపోయింది అన్నయ్యా," అంది సిమ్రాన్ సంచీ భుజాన వేసుకుంటూ, "మామూని టీ కొట్టు దగ్గర అప్పటికప్పుడు పుట్టించాం."