పడవ నీడ

ఆమె కళ్లు తెరిచేసరికి ఎవరో ముసలాయన పాప మీదికి వంగి ఉన్నాడు.

చేతిలో ముడుచుకుపోయిన గొడుగు. పిడికి కట్టిన కర్ర మొన సరిగ్గా పాప మొహం మీద.

ఆమె కెవ్వుమంది.

భర్త ఉలిక్కిపడి లేచాడు. లేస్తూనే ముసలాయన్ని రెండు చేతులా తోసేశాడు. ఆయన ఇసుకలో వెల్లకిలా పడ్డాడు.

ఆమె పాపను లాక్కుని గుండెకు హత్తుకుంది.

లేకలేక పుట్టిన పాప. పోయిన వారమే వడదెబ్బ తగిలి ఆసుపత్రి దాకా వెళ్లొచ్చింది. మళ్లీ ఎండ తగిలితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

బస్సు చీకటితోనే దింపేసింది. వదినగారింట్లో లేచేదాకా సముద్రం ఒడ్డున కూర్చుని, ఎండెక్కకముందే వెళ్లిపోదామనుకున్నారు. బోర్లించిన పడవ నీడ చల్లగా ఉంది. కాసేపు నడుం వాలుద్దామన్నాడు భర్త.

అంతే. రాత్రంతా లేని నిద్ర ఇద్దర్నీ ముంచేసింది.

"పాపతో నీకేం పని?" భర్త గద్దించాడు.

ముసలాయన లేవబోయి తూలాడు. మొహం కందగడ్డలా ఉంది.

"లేపాను బాబూ... లేవలేదు..." మాట ముద్దముద్దగా వచ్చింది.

"లేవకపోతే ఎత్తుకుపోదామనుకున్నావా?"

జనం పోగయ్యారు. పోలీసులకు అప్పజెప్పమని ఒకరు, నాలుగు తగిలించమని ఇంకొకరు. ఆ తూలుడు చూసి భర్తే తేల్చేశాడు.

"పట్టపగలే ఎక్కించాడు. నాలిక మడతపడుతోంది చూడండి."

ముసలాయన గొడుగు తెరవబోయాడు. వేళ్లు సహకరించలేదు. దాన్నే ఊతగా పట్టుకుని కాస్త దూరం నడిచి, కూలబడి, పక్కకు ఒరిగిపోయాడు.

"దిగేదాకా పడుకోనివ్వండి," అన్నాడు భర్త.

ఎవరో నవ్వారు. జనం చెదిరిపోయారు.

టీకొట్టు రేకుల కింద ఆమె పాప నుదురు చూసింది. మెడ చూసింది. అరికాళ్లు చూసింది. ఒళ్లు చల్లగా ఉంది. పాప బోసినోటితో నవ్వింది.

"పడవ నీడే కాపాడిందండీ," అంది.

ఆమె చేతులు మాత్రం నిప్పు తగిలినట్టు మండుతున్నాయి. భర్త మెడ కమిలిపోయింది. పాప చల్లగా ఉంటే చాలు, అదంతా ఎవరిక్కావాలి.

ఒడ్డున కాపలా తిరిగే గార్డు వచ్చేసరికి ముసలాయన ఇంకా అలాగే పడి ఉన్నాడు. నాలిక మడతపడేలా తాగి పడ్డాడని భర్త టీకొట్టు దగ్గర్నుంచే చెప్పాడు.

గార్డు వంగి వాసన చూశాడు. నుదుటి మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. ఛాతీ మీద చెవి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"మందు వాసన లేదు సార్. ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. వడదెబ్బకీ మాట ఇలాగే తడబడుతుంది. అప్పుడే నీడకు చేర్చి నీళ్లతో తడిపి ఉంటే..."

తన టోపీ తీసి ముసలాయన మొహం మీద కప్పాడు.

"చేతిలో గొడుగు పెట్టుకుని వడదెబ్బేమిటో," అని గొణుక్కున్నాడు.

భర్త చేతిలోని టీ గ్లాసు పెదాల దాకా వెళ్లలేదు.

ఆమె పాపను అతని చేతికిచ్చి, దుప్పటి తెచ్చుకోవడానికి పడవ దగ్గరికి నడిచింది.

అక్కడ నీడ లేదు. ఎప్పుడో పడవ కిందికి దూరిపోయింది.

దుప్పటి అంచు పట్టుకుని ఆమె ఆగిపోయింది.

పాప పడుకున్న వైపు ఇసుకలో కర్ర దిగిన గుంటలు. జానెడు జానెడు జరుగుతూ, ఎండ తిరిగిన కొద్దీ తిరిగాయి.

ప్రతి గుంటకూ అవతల, ఎండలో, గాలికి గొడుగు ఎగరకుండా పట్టుకుని గొంతుక్కూర్చున్న మనిషి అరికాళ్ల గుర్తులు.