బుగ్గన గోలీ

గోడకున్న మందుల పెట్టె ముందు రవీందర్ నోరు తెరిచాడు. రిటైరైన గని కార్మికుడు గోలీ మింగడం పెట్టె చూస్తేనే కంపెనీకి సర్కారు సబ్సిడీ వస్తుంది.

"మింగినవా కాకా?" అంది పెట్టె.

"మింగిన."

గనిలో బీడీ కాల్చనివ్వరు. అందుకే బుగ్గన తంబాకు దాచుకుని మాట్లాడటం అతనికి ఉద్యోగంలోనే అబ్బింది. పక్కింటి ఓదెలుదీ అదే గని, అదే బీపీ. కానీ కాంట్రాక్టు మనిషికి పెట్టె ఇవ్వరు. అందుకే ఇతని గోలీ రోజూ అతనికే చేరుతోంది.

రవీందర్ గుమ్మం దాకా పోయాడు.

"ఆగు కాకా. రోజూ మింగుతున్నవు, బీపీ ఎందుకు తగ్గుతలేదు?"

బుగ్గన గోలీ కరుగుతోంది. చేదు గొంతులోకి జారుతోంది. భార్య స్వరూప కొంగు నలుపుతూ నిలబడింది. దొరికితే కంపెనీవాళ్లు పెట్టెను పీక్కుపోతారు.

పెట్టె కాసేపు గురగురమంది. "మందు సాలుతలేదు. రేపటి సంది రెండు గోలీలు."

రవీందర్ సంబరంగా ఓదెలు ఇంటికి ఉరకబోయాడు. స్వరూప అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇగనన్న ఒకటి నువ్వు మింగుతవా?"