నారి బిగించే చేతులు

బ్రిస్బేన్‌లోని ఆ వేట సామాన్ల షాపులో తాజ్, తుపాకీలా పట్టుకుని బాణం వదిలే క్రాస్‌బోల్లో దేని నారినీ వెనక్కి లాగలేకపోయాడు. ప్రయత్నించినప్పుడల్లా కుడి భుజం పట్టుకుని పళ్లు బిగించాడు.

చివరికి తోడొచ్చిన ఆఫీసు స్నేహితుడు ద్వారకానాథ్, పక్కనున్న పిడి తిప్పితే నారి దానంతటదే బిగిసే రకం ఒకటి వెతికి తెచ్చాడు. తాజ్ ఆ పిడిని కూడా సగం దాకానే తిప్పగలిగాడు.

"వదిలెయ్ భాయ్. ఈ భుజంతోని ఇంక శికార్ నాతోని కాదు."

"నేనూ వస్తాను. పిడి నేను తిప్పి ఇస్తాను. బిస్మిల్లా అని బాణం వదలడం నీ పని."

తాజ్ నవ్వాడు. "ఆఫీసుల ఎవరన్న ఆమ్లెట్ తింటుంటేనే లేచిపోతవ్. నువ్వు అడవి మేకల వేటకొస్తవా?"

ద్వారకానాథ్ పిడి అందుకుని మిగతా సగం తిప్పసాగాడు.

భుజానికేమైందని షాపతను అడిగాడు. ఆఫీసు కంప్యూటర్ల వై టూ కే డ్యూటీ నుంచి ఇంటికొస్తుంటే వానకి కారు జారి బోల్తా పడిందనీ, నిద్రలో ఉన్న తనను ఈ దోస్తే బయటికి లాగి బతికించాడనీ తాజ్ గొప్పగా చెప్పాడు.

నారి టక్కుమని బిగిసింది.

ఆ రోజు కారు జారలేదు. రోడ్డు మధ్యలో, పొట్టసంచిలో పిల్లతో ఒక కంగారూ నిలబడి ఉంటే, దాన్ని చంపలేక స్టీరింగ్ తిప్పేసింది ఇప్పుడు ఈ నారి బిగించిన చేతులే.