అత్తగారికి అక్రోట్లు లేని కేకు

ఫోను పెట్టేసి మారిబెత్ వంటింట్లోనే గిర్రున ఒక చుట్టు తిరిగింది.

"కర్ట్! నా పేరే వచ్చింది! నా పేరే!"

గరాజులో గడ్డికోత మిషను విప్పుకుని కూర్చున్న కర్ట్ నూనె చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఎక్కడొచ్చింది? దేంట్లో?"

"లైబ్రరీ లాటరీలో! చీట్లు అమ్మిన డోరీన్ ఇప్పుడే డబ్బాలోంచి చీటీ తీసిందట. మీ అమ్మకి కేకు ఇచ్చేది నేనే!"

కర్ట్ గోడకి చేరగిలబడ్డాడు. "నలభై చీట్లు కొన్న ఊరి పోలీసు షెరీఫ్‌కి రాలేదు. ఒక్కటంటే ఒక్కటి కొన్న నీకొచ్చిందా?"

"కుళ్ళుకో," అంది మారిబెత్, అతని ముక్కుకి అంటిన నూనె తుడుస్తూ.

లైబ్రరీ పైకప్పు కారుతోంది. మరమ్మతు కోసం చీట్లు అమ్మారు. పేరు వచ్చినవాళ్ళు కేకు సొంతంగా చేసుకుని వచ్చి, లైబ్రేరియన్ ఆర్డిత్ హాల్వర్సన్‌కి తమ చేతుల మీదుగా అందజేయాలి. చీట్లు రెండు రోజుల్లో అయిపోయాయి. మళ్ళీ అచ్చు వేయిస్తే అవీ అయిపోయాయి. ముప్పై ఏళ్ళుగా ఆ బల్ల వెనక కూర్చుని, మాట్లాడినవాళ్ళనల్లా "ష్!" అన్న మనిషి అంటే ఊరికి ఆ మాత్రం ఉండదా?

మారిబెత్‌కి మాత్రం ఆవిడ అత్తగారు. పెళ్ళయి పదకొండు వారాలు. ఇప్పటికి మూడు వంటలు వండిపెట్టింది. మూడింటికీ ఆవిడ ఒకే మాట అంది: "కొత్తగా ఉందే." అయోవా రాష్ట్రంలో ఆ మాట అన్నారంటే, ఆ గిన్నె మళ్ళీ మా గుమ్మం ఎక్కకూడదని.

ఈసారి ఊరంతా చూస్తుండగా ఆ మాట వినాల్సొస్తే?

మారిబెత్ చొక్కా చేతులు పైకి మడిచింది. పెళ్ళికి వచ్చిన పచ్చరంగు మిక్సర్‌కి కట్టిన రిబ్బను ఇవాళ్టికి విప్పింది. మైదా, బ్రౌన్ షుగర్, మజ్జిగ, దాల్చినచెక్క, జాజికాయ. గిన్నె మీదికి వంగి ఒక్కసారి గట్టిగా వాసన పీల్చి, తుమ్మి, తనలో తనే నవ్వుకుంది.

అంతలో వెనక తలుపు తెరుచుకుంది. ఆర్డిత్. మెడలో గొలుసుకి కళ్ళద్దాలు, మొహాన ఎప్పటి గాంభీర్యం.

"కబురు తెలిసింది. షెరీఫ్‌కి రాలేదు, నా అదృష్టం. వాడు చేస్తే కేకు కాదు, ఇటుక. ఏం చేస్తున్నావు?"

"మసాలా కేకు అత్తయ్యా. పైన క్రీమ్ చీజ్."

"బజారు క్రీమైతే ఒప్పుకోనని డోరీన్‌కి ముందే చెప్పాను. అక్రోట్లు వేశావా?"

"ఇంకా లేదు. మా బామ్మ గుప్పెడు వేసేది..."

"ఒక్కటి కూడా వద్దు. లవంగం ఎంత?"

"పావు చెంచా."

"అందులో సగం. కళ్ళు మండాయంటే, ఊరి ముందు ఏడ్చాననుకుంటారు."

"పింగాణీ పళ్ళెం తియ్యనా అమ్మా?" కర్ట్ అమాయకంగా అడిగాడు.

"నోర్ముయ్. కాగితం ప్లేటు. రెండు కలిపి పెట్టు, వంగిపోకుండా."

"రేపు మీకు సెలూన్‌లో జుట్టు దిద్దించుకునేది ఉంది కదా అత్తయ్యా?"

"సోమవారానికి మార్చేశాను. నువ్వు కేకు సంగతి చూడమ్మాయ్."

కేకు దివ్యంగా పొంగింది. తంటా అంతా పైపూతతోనే. ఆత్రంలో మారిబెత్ క్రీమ్ చీజ్‌ని ఫ్రిజ్‌లోంచి తీసీ తీయగానే మిక్సర్‌లో వేసేసింది. ఆర్డిత్ అందులో వేలు పెట్టి చూసింది.

"ఈ ఉండలేమిటి?"

"కొంచెం... చల్లగా ఉందేమో..."

"మళ్ళీ చెయ్యి. వెన్నలా జారాలి. గట్టిగా తగిలిందంటే ఊరుకోను."

కర్ట్ దుకాణానికి పరుగెత్తి ఇంకో రెండు పొట్లాలు తెచ్చాడు. అవి మెత్తబడేదాకా ఆగే ఓపిక మారిబెత్‌కి లేదు. రెండు చంకల్లో చెరొకటి పెట్టి మొగుణ్ణి కుర్చీలో కూర్చోబెట్టింది.

"చలేస్తోందే!"

"కదలకు. ఇంకో పది నిమిషాలు."

ఆర్డిత్ కొడుకుని కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఏరా, జ్వరం రెండు వైపులా చూసుకుంటున్నావా?"

అత్తగారు హాస్యమాడటం మారిబెత్ అదే మొదటిసారి వినడం. నవ్వాలో వద్దో తెలియక గరిటె పట్టుకుని నిలబడిపోయింది. తరవాత ఆపుకోలేక నవ్వేసింది.

రెండోసారి పూత మబ్బుతునకలా వచ్చింది. కేకు చల్లారాక, రెండంగుళాల మందాన పట్టించి, అంచుల వెంట మెత్తగా అలలు దిద్దింది.

ఆర్డిత్ అంచున వేలితో కొంచెం తీసుకుని నోట్లో పెట్టుకుంది.

మారిబెత్ కళ్ళు మూసుకుంది. ఇంక ఆ మాట వస్తుంది. వచ్చేస్తోంది.

తెరిచి చూసేసరికి ఆవిడ రెండోసారి తీసుకుంటోంది. కేకు ముక్కతో సహా. తరవాత మూడోసారి.

"అమ్మా, రేపటికి కాస్త మిగల్చు," అన్నాడు కర్ట్.

ఆర్డిత్ వేలు తుడుచుకుంది. కోటు గుండీలు పెట్టుకుంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"రేపు పదకొండింటికి లైబ్రరీ మెట్ల మీద కుర్చీ వేసుకుని, కళ్ళద్దాలు తీసేసి కూర్చుంటాను, పదడుగుల దూరంలో నిలబడి, గురి చూసి ఆ కేకు సరిగ్గా నా మొహాన విసిరికొట్టమ్మాయ్, ఊరు చీట్లు కొన్నది అందుకేగా, నోరు మాత్రం తెరిచే ఉంచుతాను."