పేరు పక్కన ఖాళీ

నా జ్ఞానతండ్రి నినోంగ్ క్రిస్పులో గారి ఫ్లెక్సీ షాపులోకి వెళ్లి, అలవాటుగా వంగి, దీవెన కోసం ఆయన చెయ్యి నుదుటికి ఆనించుకోబోయాను. జ్ఞానస్నానం నాడు నన్ను ఎత్తుకున్న చెయ్యి అది. ఆయన వెనక్కి లాక్కున్నాడు.

"వంతెన దగ్గర కట్టిన ఫ్లెక్సీ మీరు వేసిందేనా నినోంగ్?"

దాని మీద నవ్వుతున్న నా ముఖం, కింద 'టెర్రరిస్టు' అన్న మాట ఉన్నాయి. పొద్దున్న చూసినప్పుడు ఒక్క క్షణం నేనూ నమ్మాను.

"ఎవరో బైకుల మీద వచ్చారు, లూదింగ్. వెయ్యనంటే రేపు అక్కడ నా పేరుంటుంది."

"చెరుకు కూలీలకి సంతకం నేర్పితే టెర్రరిస్టునా?"

"నన్నడుగుతావేంటే. వాళ్లు నాకిచ్చింది నీ పేరొక్కటే."

"మరి ఫొటో?"

ఆయన కంప్యూటర్ తెరకేసి తిరిగాడు. "నువ్వు టీచరు పరీక్ష పాసయ్యావని మీ అమ్మ వేయించిన ఫ్లెక్సీ ఇందులోనే ఉంది. పేరు పక్కన ఖాళీగా ఉంటే బాగోదని... చెయ్యి అలవాటు. పెట్టేశాను."

"అంటే, అప్పటిదాకా వాళ్లకి నా ముఖం తెలీదు."

మౌస్ మీద ఆయన వేలు ఆగిపోయింది. బల్ల మీదుగా చెయ్యి చాచాడు. "ఆనించుకో తల్లీ."

బయట ఒక బైకు నెమ్మదించిన చప్పుడైంది. ఈసారి వెనక్కి జరిగింది నేను.

"వద్దు నినోంగ్. చూస్తారు."

ఎవరు చూస్తారో నాకూ తెలీదు. బయటికొచ్చి, గొడుగు ముఖం మీదికి దించుకుని, నిజంగానే ఏదో చేసినదానిలా గోడ పక్కనుంచి నడిచాను.