తువ్వాల కింద క్లబ్బు

కొత్త బంతి కొనే తాహతు కూడా లేని మా ఫుట్‌బాల్ క్లబ్బును ఎనభై అయిదులో మిర్చి వ్యాపారి కాశీనాథం సేటు కొన్నాడు. కొత్త బంతితో మొదటి మ్యాచి పత్తి సేటు టీముతో.

హాఫ్‌టైముకు మేం రెండు గోల్స్ ముందున్నాం. పుట్టి బుద్ధెరిగి అలాంటి వింత చూడలేదు. తీరా చూస్తే, గట్టు మీద సేట్లిద్దరూ ఎనుమాముల మార్కెట్ యార్డులోలాగే ఒకే తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లతో బేరమాడుతున్నారు.

కెప్టెన్ మొగిలి ఉరికాడు. "ఏంది సేటూ, ఏం చేస్తాండ్రు?"

"రేటు పెరిగినప్పుడే అమ్మాలె బిడ్డా. క్లబ్బును గీయనకే అమ్మిన," అన్నాడు కాశీనాథం.

మొగిలి నెత్తి గోక్కున్నాడు. "మరి ఇప్పుడు మేం ఏ దిక్కు గోల్ కొట్టాలె?"

పత్తి సేటు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"ఎటన్న కొట్టుండ్రి, గెలిచేది నేనే. బంతినే జర మెల్లగ తన్నుండ్రి. అది గూడ ఇప్పుడు నాదే."