చెవులున్న ఫాదర్ కావాలి

"అసలు మీ కాలనీకి వేరే విచారణ ఎందుకో నాకింకా అంతుపట్టలేదు," అన్నారు బిషప్‌గారు.

రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చున్న జనమంతా కరెంటు సామాన్ల కొట్టాయన వైపు చూశారు. కొత్త విచారణ కావాలని, అంటే కాలనీకంటూ సొంత చర్చీ సొంత ఫాదరూ ఉండాలని ఇంటింటికీ తిరిగి అందరినీ కూడగట్టింది ఆయనే. బిషప్‌గారి పక్కన పాత చర్చి ఫాదర్ కూర్చుని, తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ హాయిగా నవ్వుకుంటున్నారు. ఆయనకు చెవుడని కాలనీలో తెలియనివాళ్లు లేరు.

"దూరమైపోతోందండీ," అన్నాడు కొట్టాయన.

"ఏం దూరమయ్యా? పాత చర్చి దగ్గర కారెక్కి సరిగ్గా కూర్చునేలోగా ఇక్కడికి వచ్చేశాం."

"జనం పెరిగిపోయారండీ. ఎటు చూసినా కొత్త అపార్టుమెంట్లే. పూజకొస్తే కూర్చోడానికి చోటుండటం లేదు."

"పోయిన ఆదివారం అక్కడ పూజ చేసింది నేనే. వెనక బెంచీలన్నీ ఖాళీ."

కొట్టాయన పక్కనున్న తాపీమేస్త్రి సాయానికొచ్చాడు. "పెద్దవాళ్లున్నారండీ. మా అమ్మ అంత దూరం నడవలేదు."

"ఏరీ, అమ్మగారు రాలేదా?"

"పాత చర్చికి వెళ్లిందండీ."

"ఎలా వెళ్లారు?"

మేస్త్రి తల గోక్కున్నాడు. "నడిచేనండీ."

బిషప్‌గారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "సరైన కారణం లేకుండా ఒక విచారణను రెండు చేయలేను. ఫాదర్, మీరేమంటారు?"

ఫాదర్ ఫ్యాను మీంచి చూపు మరల్చారు. "వద్దండీ, టీ ఇప్పుడే తాగాను."

బిషప్‌గారు లేచారు. కొట్టాయన కుర్చీ అంచుకు జరిగాడు. ఈ అవకాశం పోతే మళ్లీ ఆ పాత చర్చే, ఆ ఫాదర్ ముందే మోకరిల్లడం, ఆ అవమానమే. పెళ్లాం మోచేత్తో డొక్కలో పొడిచింది. "చెప్పండి. ఇప్పుడు కూడా మొహమాటపడితే కొట్టుకి తాళం వేసుకోవాల్సిందే."

"పాపసంకీర్తనం గురించండీ," అన్నాడు కొట్టాయన నేల చూపులు చూస్తూ. "పాపాలు చెప్పుకోడానికి వెళితే ఆయనకి వినపడదు. గట్టిగా చెప్పు నాయనా అంటారు. వైరు మీటరుకి నాలుగు వేళ్లు తక్కువ కొలిచానని చెప్పాను. ఎన్ని వేళ్లు అన్నారు. నాలుగని అరవాల్సి వచ్చింది. నా వెనక లైన్లో ఈ మేస్త్రి ఉన్నాడండీ."

"ఆ వైరు కొన్నది నేనేనండీ," అన్నాడు మేస్త్రి.

"అప్పట్నించీ ప్రతివాడూ టేపు పట్టుకునే కొట్టుకొస్తున్నాడు. నా పరువంతా పోయిందండీ."

"కొలత సరిచేసుకుంటే సరిపోయేది కదా?"

"సరిచేశానండీ. మర్నాడే సరిచేశాను. అయినా ఎవడూ నమ్మడం లేదు."

అంతే, షెడ్డులో గట్టు తెగింది. ఎన్నాళ్లుగానో కడుపులో దాచుకున్నదంతా తలా ఒక మూల నుంచి బయటికొచ్చింది. కొట్టాయన పెళ్లాం కూడా కొంగు బిగించి లేచింది. "మా ఆడపడుచు చీర కావాలనే ఇస్త్రీపెట్టెతో కాల్చానని చెప్పానండీ. ఏ చీర అన్నారు. ఆకుపచ్చదని అరిచాను. నా వెనక నిలబడింది మా ఆడపడుచే. ఇప్పటికీ మా ఇద్దరికీ మాటల్లేవు."

బిషప్‌గారు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గారు. ఫాదర్ మాత్రం ఇదంతా తనకు పట్టనట్టు మళ్లీ ఫ్యాను వైపు చూస్తున్నారు. పాపం, తన గురించే ఇంత రభస జరుగుతున్నా ఆయన మొహంలో రవ్వంత కదలిక లేదు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా," అన్నారు బిషప్‌గారు. "సరే, విచారణ ఇచ్చాను. మరి ఎలాంటి ఫాదర్‌ని పంపమంటారు? ప్రసంగం బాగా చెప్పేవారినా, పాటలు బాగా పాడేవారినా?"

"చెవులు బాగా వినపడేవారిని," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"పాట రాకపోయినా సర్దుకుంటాం," అన్నాడు మేస్త్రి.

"ప్రసంగం రాకపోతే మరీ మంచిది," అన్నారు వెనక వరసలోంచి ఎవరో.

రేకులు అదిరేలా చప్పట్లు మోగాయి. పుట్టి బుద్ధెరిగాక ఆ కాలనీ జనం ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు. కొట్టాయన మేస్త్రిని కావలించుకున్నాడు. కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఆయన పెళ్లాం ఎదురింటావిడ చేతులు పట్టుకుంది. "ఇక గుట్టుగా మనసులో ఉన్నదంతా చెప్పుకోవచ్చు వదినా."

"నాకు ఒక్క రోజు చాలదమ్మా," అంది ఎదురింటావిడ.

బిషప్‌గారి కారు కాలనీ దాటి మెయిన్ రోడ్డెక్కింది. ముందు సీట్లో ఉన్న బిషప్‌గారు డ్రైవర్ వైపు వంగి, బాగా గొంతు తగ్గించి, "పెద్దాయన్ని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలయ్యా. అన్ని మాటలన్నా ఒక్క ముక్క వినపడలేదు," అన్నారు.

"డాక్టరెందుకండీ, నా చెవులు శుభ్రంగా ఉన్నాయి," అన్నారు ఫాదర్ వెనక సీట్లోంచి.

బిషప్‌గారు గిరుక్కున తిరిగారు. "మరి ఇన్నాళ్లూ ఈ చెవుడు నటన దేనికి?"

"ఏం చేయమంటారండీ? నాకు బాగా వినపడినన్నాళ్లూ అక్కడ ఒక్కరంటే ఒక్కరు సొంత పాపం చెప్పలేదు, అందరూ గుసగుసగా పక్కింటివాళ్ల పాపాలే చెప్పేవాళ్లు."